పాత అంబాసిడర్‌కు హెడ్ గ్యాస్కెట్ మార్చడం: నీళ్ల దగ్గర మొదలుపెట్టాలి

పొద్దున రేడియేటర్ నిండా నీళ్లు పోసుకుని రాజోలులో బయల్దేరతారు. చించినాడ వంతెన దాటి పాలకొల్లు వెళ్లి తిరిగొచ్చేసరికి లీటరు నీళ్లు తక్కువ ఉంటాయి. బండి ఆపిన చోట చుక్క మరక కనబడదు. హోసులు తడి లేకుండా ఉంటాయి. నాలుగు రోజులు అలాగే పోసుకుంటూ తిరుగుతారు. ఐదో రోజు హీట్ మీటర్ ముల్లు పైకెక్కి మరి దిగదు. "బండి నీళ్లు తాగుతోంది" అని మన వైపు అనేది దీన్నే. చాలాసార్లు ఆ నీళ్లు వెళ్లే దారి హెడ్ గ్యాస్కెట్టే. సిలిండర్లుండే బ్లాకుకీ, దాని పైన మూతలా కూర్చునే హెడ్డుకీ మధ్య మంట, నీళ్లు, ఆయిల్ ఒకదాంట్లోకి ఒకటి పోకుండా ఆపే పల్చటి పొర అది.

ఈ వ్యాసం 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ ఉన్న పాత అంబాసిడర్ గురించి. ఇంగ్లండ్‌లోని బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల డిజైను అది. బ్లాకు, హెడ్డు రెండూ పోత ఇనుమే. వాల్వులను ఆడించే కామ్ షాఫ్టు బ్లాకులో ఉంటుంది, పుష్ రాడ్లనే ఇనుప పుల్లలు పైనున్న రాకర్లను ఆడిస్తాయి, రాకర్లు వాల్వులను నొక్కుతాయి. కామ్ షాఫ్టు తిరిగే లెక్క, అంటే టైమింగ్, దాని జోలికి పోకుండానే హెడ్ దించొచ్చు. కాబట్టి మొదటిసారి చేతులు పెట్టేవాళ్లకు ఇంతకంటే మంచి ఇంజిన్ దొరకదు. మారుతి 800 లాంటి వాటికి తేడాలు చివర్లో చెప్తాను.

ముందే ఒక మాట. గ్యాస్కెట్ దానంతట అది పోవడం అరుదు. బండి హీటెక్కితే హెడ్డు వంగుతుంది, గ్యాస్కెట్ కాలుతుంది. బండి హీటెక్కడానికి మన డెల్టాలో మొదటి కారణం మనం పోసే నీళ్లే. ఎండాకాలం కాలువలు కట్టేసిన రోజుల్లో బోరు నీళ్లే గతి. సముద్రానికి దగ్గరున్న ఊళ్లలో ఆ బోరు నీళ్లు ఉప్పన. వరదల రోజుల్లో కాలువలో ఎర్రనీళ్లు, అంటే బిందెడు నీళ్లలో గుప్పెడు ఒండ్రు. ఈ రెండూ ఏళ్ల తరబడి రేడియేటర్‌లో పోస్తే లోపల గార కడుతుంది, ఇనుము తుప్పు పడుతుంది, సన్నటి గొట్టాలు మూసుకుపోతాయి. ఆ సంగతి తేల్చకుండా గ్యాస్కెట్ ఒక్కటే మారిస్తే మళ్లీ అదే పని చేయాల్సొస్తుంది. నేను చేశాను కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను.

నిజంగా గ్యాస్కెట్టేనా?

హెడ్ దించే ముందు ఒక పూట దీనికి కేటాయించండి. నీళ్లు తగ్గడానికి వాటర్ పంపు సీలు, రేడియేటర్ మూత, కారే హోసు కూడా కారణాలు కావచ్చు. బండి బాగా వేడిగా ఉన్నప్పుడు కారి, ఆ వేడికే ఆరిపోయే లీకులుంటాయి. వాటర్ పంపు కింద, హోసు క్లిప్పుల దగ్గర తెల్లటి లేదా ఎర్రటి చారలున్నాయేమో టార్చి వేసి చూడండి.

తర్వాత ఆయిల్ మూత తీసి చూడండి. పాలు కలిపిన టీ రంగులో చిక్కటి మడ్డి ఉంటే అనుమానించాలి. కానీ వానాకాలంలో ఒక జాగ్రత్త. రోజూ ఊళ్లోనే రెండు కిలోమీటర్లు తిరిగే బండిలో, గాలిలో చెమ్మ వల్ల మూతకి కొద్దిగా తెల్లటి నురగ పడుతుంది. అది చూసి హెడ్ దించకండి. డిప్ స్టిక్ తీసి ఆయిల్ చూడండి. అందులో కూడా టీ రంగు ఉంటే నీళ్లు కిందిదాకా దిగినట్టే. డిసెంబరు మంచులో సైలెన్సర్ నుంచి వచ్చే తెల్లపొగ విషయమూ అంతే. ఇంజిన్ కాగాక పొగ ఆగితే భయం లేదు, కాగిన తర్వాత కూడా ఆగకుండా వస్తే మాత్రం ఆలోచించాలి.

నేను బాగా నమ్మే పరీక్ష ఇది. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు ఫ్యాన్ బెల్టు తీసేయండి. రేడియేటర్ మూత తీసి, మెడ దాకా నీళ్లు నింపి, స్టార్ట్ చేయండి. బెల్టు లేదు కాబట్టి పంపు తిరగదు, నీళ్లు కదలకుండా నిలబడి ఉండాలి. అందులో బుడగలు వరసగా పైకి వస్తూ, యాక్సిలరేటర్ నొక్కితే పెరుగుతుంటే సిలిండర్‌లో మంట నీళ్లలోకి వస్తోందన్నమాట. ఒక నిమిషం లోపే ఇంజిన్ ఆపేయండి. వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత మాత్రం ఎప్పుడూ తీయకండి. చెయ్యి, ముఖం కాలిపోయినవాళ్లున్నారు.

కంప్రెషన్ గేజ్ దొరికితే నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని ఒక్కో సిలిండర్ చూడండి. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు మిగతా రెండింటి కంటే బాగా తక్కువ చూపిస్తే ఆ రెండింటి మధ్య గ్యాస్కెట్ కాలిపోయింది. ఇలా కాలినప్పుడు నీళ్లు తగ్గకపోవచ్చు, ఆయిల్ బాగానే ఉండొచ్చు. బండి మాత్రం లాగదు, ఇంజిన్ వణుకుతుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

ఈ ఇంజిన్‌కి ఇంచి సైజు పానాలు, సాకెట్లు కావాలి. మిల్లీమీటరు పానా దాదాపుగా పట్టినట్టే ఉంటుంది. కానీ ఏళ్ల తరబడి బిగిసిపోయిన నట్టు మీద అది జారి మూలలు అరగ్గొడుతుంది. ఎంత బలంతో బిగించామో చూపే టార్క్ రెంచ్ తప్పనిసరి. సొంతంగా కొనకపోయినా అద్దెకో, తెలిసినవాళ్ల దగ్గరో తెచ్చుకోండి. చేతి అంచనాతో బిగించే మేస్త్రిలున్నారు, వాళ్ల చేతికి ముప్పై ఏళ్ల అలవాటుంది. మనకు లేదు. సందు కొలిచే సన్నటి ఆకుల ఫీలర్ గేజ్, వంకర లేని ఉక్కు స్కేలు, గ్యాస్కెట్ సెట్టు, కొత్త ఇంజిన్ ఆయిల్, ఫిల్టరు, కొత్త హోసులు, థర్మోస్టాట్ (ఇంజిన్ కాగేదాకా నీళ్లను రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు) కూడా ముందే తెచ్చిపెట్టుకోండి. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది కాబట్టి సామాను దొరికాకే బండి విప్పండి. విప్పి పెట్టుకుని వారం రోజులు ఆగితే మన చెమ్మ గాలికి సిలిండర్ గోడలు ఎర్రబడతాయి.

సెట్టు కొనేటప్పుడు హెడ్ గ్యాస్కెట్ పాతదాని కొలతేనా, నీళ్ల బెజ్జాలు, పుష్ రాడ్ బెజ్జాలు సరిపోతున్నాయా అని షాపులోనే చూడండి. అదే బండికి డీజిల్, ఇసుజు ఇంజిన్లు కూడా వచ్చాయి. షాపువాడు తొందరలో వేరేది చేతిలో పెట్టే అవకాశం ఉంది. గ్యాస్కెట్‌ని మడవకుండా, బల్లపరుపుగా అట్టల మధ్య పెట్టి తెచ్చుకోండి. చిన్న మడత పడినా అది పనికిరాదు.

విప్పడం

ముందు రోజు రాత్రే మానిఫోల్డు నట్ల మీద, ఎగ్జాస్ట్ క్లాంపు మీద తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచండి. మర్నాడు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. వేడి హెడ్ నట్లు వదులు చేస్తే హెడ్డు వంగుతుంది.

బ్యాటరీ వైరు తీసేయండి. రేడియేటర్ కింద ట్యాపు తిప్పి నీళ్లు తొట్టెలోకి దించండి. బ్లాకు పక్కన ఇంకో ట్యాపు ఉంటుంది, దాన్నీ తిప్పాలి. చాలా బండ్లలో దాన్ని తిప్పినా చుక్క రాదు. అక్కడే ఆగి చూడండి. నా బండిలో అది ఎప్పుడూ పనిచేయలేదు. ట్యాపు ఊడదీసి, ఆ బెజ్జంలోకి పాత సైకిల్ పుల్ల దూర్చి కదిపితే ముందు ఏమీ రాలేదు. పుల్ల రెండంగుళాలు లోపలికి దిగాక ముద్దలా గోధుమరంగు బురద జారింది. దాని వెనకాల చిన్నచిన్న తుప్పు పొరలు, ఆ తర్వాత ఎర్రటి నీళ్లు. వేళ్ల మధ్య రుద్దితే కాలువ గట్టు మీది ఒండ్రులా మెత్తగా ఉంది. నాలుగో సిలిండర్ చుట్టూ నీళ్లు తిరగాల్సిన చోట అది ఉంది. బండి ఎందుకు కాగుతోందో అప్పుడు అర్థమైంది.

ఆ నీళ్లలో కూలెంట్, అంటే తుప్పు ఆపే మందు, కలిపి ఉంటే తొట్టెను పిల్లలకు, కుక్కలకు, బాతులకు అందకుండా పెట్టండి. కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం. కాలువలోకో, పంట బోదెలోకో, చేపల చెరువులోకో పారబోయకండి.

తర్వాత ఎయిర్ క్లీనర్, కార్బొరేటర్‌కి వెళ్లే పెట్రోల్ పైపు, చోక్ కేబుల్, యాక్సిలరేటర్ లింకు, డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే సన్నటి వ్యాక్యూమ్ పైపు తీసేయండి. పెట్రోల్ పైపు మూతికి గుడ్డ కట్టండి. ప్లగ్ వైర్లకు బట్టల క్లిప్పు పెట్టి నంబరు రాసుకుంటే చివర్లో టెన్షన్ ఉండదు. పై హోసు, థర్మోస్టాట్ మూత, హీట్ మీటర్ వైరు తీశాక మానిఫోల్డు నట్లు విప్పండి. ఇక్కడ పెట్రోల్ వచ్చే మానిఫోల్డు, పొగ వెళ్లే మానిఫోల్డు రెండూ ఒకే పక్కన ఉంటాయి. ఏదైనా నట్టు మొండికేస్తే బలం ఉపయోగించకండి. కొంచెం బిగించే వైపు, కొంచెం విప్పే వైపు ఆడిస్తూ ఉంటే వస్తుంది. నట్టు ఎక్కే మర కడ్డీ, అంటే స్టడ్డు, విరిగిందంటే లేత్ షాపు దాకా వెళ్లాల్సిందే.

ఇప్పుడు రాకర్ కవరు. రెండే నట్లు. అది తీశాక జాగ్రత్తగా చూడాల్సిన విషయం ఒకటుంది, చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. రాకర్ షాఫ్టును పట్టుకునే ఎనిమిది నట్లలో నాలుగు చిన్నవి, నాలుగు పెద్దవి. ఆ నాలుగు పెద్దవీ హెడ్ నట్లే. హెడ్డును పట్టుకునే మొత్తం పదకొండులో అవీ భాగం. కాబట్టి రాకర్ షాఫ్టు ఒక్కటే తీద్దామని ఆ నాలుగూ ముందు విప్పేస్తే మిగతా ఏడు నట్లు హెడ్డును ఒక పక్కకే లాగి వంచేస్తాయి. నీళ్లు దించకుండా విప్పితే అవి సిలిండర్లలోకి దిగుతాయి. కాబట్టి ఎనిమిది, ఏడు కలిపి పదిహేను నట్లూ చివర్ల నుంచి మధ్యకు వస్తూ, ఒక్కోటి పావు చుట్టు చొప్పున వదులు చేస్తూ రండి. మూడు నాలుగు రౌండ్లు పడుతుంది. అన్నీ వదులయ్యాకే పూర్తిగా తీయండి.

రాకర్ షాఫ్టును అలాగే పైకెత్తి పక్కన పెట్టండి. ఒక నట్టు కింద చిన్న లాకింగ్ ప్లేటు ఉంటుంది. అది ఎక్కడిదో ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

పుష్ రాడ్లు తీసేటప్పుడు ఒక్కోదాన్ని కొద్దిగా మెలితిప్పి, కుదిపి తీయాలి. నేరుగా లాగితే ఆయిల్ జిగురుకి కింద కామ్ షాఫ్టు మీద ఆనే ట్యాపెట్ కూడా అంటుకుని పైకి వస్తుంది, మధ్యలో జారి పడుతుంది. ఎనిమిది పుష్ రాడ్లూ ఏ స్థానంలోవి ఆ స్థానంలోకే పోవాలి. ఇన్నేళ్లూ ఒకదానికొకటి అరిగి కుదురుకున్న జంటలవి. ఒక అట్టపెట్టె మూత తీసుకుని ఎనిమిది బెజ్జాలు పొడిచి, ఒక చివర "ముందు" అని రాసి వాటిలో గుచ్చండి.

హెడ్డు ఇనుముది, బరువెక్కువ. ఇద్దరు పట్టుకోవాలి. స్టడ్ల మీదుగా నిటారుగా పైకి లేపాలి, ఒక వైపు ఎత్తితే ఇరుక్కుంటుంది. అసలు కదలకపోతే హెడ్డుకీ బ్లాకుకీ మధ్య స్క్రూడ్రైవర్ దూర్చి సుత్తితో కొట్టకండి. ఆ గీత జీవితాంతం లీకు. చెక్క సుత్తితో పక్కల నుంచి తట్టి చూడండి. అప్పటికీ రాకపోతే ప్లగ్గులు మళ్లీ బిగించి, ఇంజిన్‌ని హ్యాండిల్‌తో ఒక చుట్టు తిప్పండి. లోపలి కంప్రెషనే హెడ్డును పైకి తోస్తుంది.

పాత గ్యాస్కెట్ చెప్పేది

పాతదాన్ని వెంటనే పారేయకండి. వెలుతురులో పట్టుకుని నెమ్మదిగా చూడండి. సిలిండర్ చుట్టూ ఉండే లోహపు రింగు మీద మంట దాటిన చోట నల్లటి దారి కనిపిస్తుంది, పెన్సిల్‌తో గీసినట్టు. రెండు రింగుల మధ్య ఉంటే సిలిండర్ల మధ్య కాలింది. రింగు నుంచి నీళ్ల బెజ్జానికి పోతే మంట నీళ్లలోకి పోతోంది. ఈ ఇంజిన్‌లో రెండు, మూడు సిలిండర్ల మధ్య ఎక్కువ అనుమానించాలి. ఆ రెండింటి ఎగ్జాస్ట్ వాల్వులు పక్కపక్కనే ఉండి ఒకే దారిన పొగ వదులుతాయి, హెడ్డులో బాగా కాగే చోటు అదే.

పిస్టన్ల తలలూ చూడండి. మూడు పిస్టన్లు నల్లటి మసితో ఉండి, ఒకటి మాత్రం కడిగినట్టు మెరుస్తుంటే ఆ సిలిండర్‌లోకి నీళ్లు వస్తున్నాయి. ఆవిరి దాన్ని కడిగేసింది.

గీకడం, మట్టం చూడడం

సగం పని ఇదే. నేను మొదటిసారి చేసినప్పుడు తప్పింది కూడా ఇక్కడే. హెడ్ దించాను, పైపైన గీకాను, కొత్త గ్యాస్కెట్ పెట్టి బిగించేశాను. స్కేలు పెట్టి చూడలేదు. రేడియేటర్ సంగతి అసలు తలుచుకోలేదు. రెండు నెలలు తిరగకుండానే ఇంట్లోవాళ్లందరితో పెళ్లికి వెళ్తుండగా మళ్లీ పొగలు కక్కింది. ఆ రోజు బండి చూసిన పెద్ద మేస్త్రిగారు బండి చల్లారాక బానెట్ ఎత్తగానే రేడియేటర్ మూతిలో వేలు పెట్టి తీసి నాకు చూపించారు. వేలంతా ఎర్రగా ఉంది. "ముందు ఈ నీళ్ల సంగతి చూడవోయ్. హెడ్డు సంగతి తర్వాత చూద్దాం" అన్నారు.

సిలిండర్లలో, నీళ్ల బెజ్జాలలో, పుష్ రాడ్ బెజ్జాలలో శుభ్రమైన గుడ్డలు కుక్కండి. ఎన్ని కుక్కారో లెక్కపెట్టుకోండి. పాత రాగి గ్యాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండేది, దాని దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. అందుకని పొడిగా గీకకండి. తడిపి, మాస్కు పెట్టుకుని, రేకు బ్లేడుతో బల్లపరుపుగా గీకి, ఆ తడి చెత్తను సంచిలో మూటగట్టండి. గాలి పంపుతో ఊదకండి. గ్రైండర్‌కి ఎమెరీ చక్రం పెట్టి రుద్దడం ఇంకా పెద్ద తప్పు. తెల్లగా మెరుస్తుంది గానీ ఎక్కడికక్కడ గుంట పడుతుంది, ఆ పొడి బేరింగుల్లోకి చేరుతుంది.

తర్వాత ఉక్కు స్కేలును హెడ్డు మీద నిలువుగా అంచు మీద నిలబెట్టి, కింద నుంచి ఫీలర్ గేజ్ ఆకు దూర్చి చూడండి. పొడవునా రెండు చోట్ల, అడ్డంగా రెండు చోట్ల, మూల నుంచి మూలకు రెండు వైపులా. 0.05 మిల్లీమీటరు ఆకు ఎక్కడైనా దూరితే హెడ్డును లేత్ షాపుకి తీసుకెళ్లండి. భీమవరం, రాజమండ్రి, కాకినాడ లాంటి ఊళ్లలో ఇంజిన్ పనులు చేసే షాపులున్నాయి. "ఫేసింగ్ చేయండి, అవసరమైనంతే తీయండి" అని చెప్పండి. ముఖం చదును చేయడాన్నే ఫేసింగ్ అంటారు. ఎక్కువ తీస్తే కంప్రెషన్ పెరిగి నాకింగ్, అంటే లోపల టకటకమనే కొట్టుడు, వస్తుంది. అక్కడే ప్రెషర్ పెట్టి పగుళ్లు కూడా చూడమనండి. రెండు వాల్వు సీట్ల మధ్య వెంట్రుక లాంటి పగులు మన కంటికి కనబడదు. వాల్వులు గ్రైండింగ్ చేయించడానికి ఇదే సమయం.

బ్లాకునూ ఇదే తీరులో చూడండి. స్టడ్ల మొదట్లో లోహం కొద్దిగా పైకి లేచి ఉంటుంది, ఏళ్ల తరబడి బిగింపు లాగిన ఫలితం. స్టడ్డు తీసి ఆ అంచును కొద్దిగా చెక్కేస్తేనే గ్యాస్కెట్ బల్లపరుపుగా కూర్చుంటుంది. స్టడ్ల మరలు వైరు బ్రష్‌తో శుభ్రం చేసి కొద్దిగా ఆయిల్ రాయండి. మర సాగిన స్టడ్డు ఉంటే మార్చేయండి.

హెడ్డు షాపులో ఉన్న రోజుల్లో సిలిండర్ గోడలకు ఆయిల్ పూసి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పండి. కొబ్బరి చెట్ల కింద షెడ్డయితే ఒక్క రాత్రికే తుప్పు చుక్కలు పడతాయి. ఈ ఖాళీలోనే రేడియేటర్ పని పూర్తి చేయించండి. రేడియేటర్ మేస్త్రి పై ట్యాంకు విప్పి, గొట్టాల్లోకి సన్నటి రేకు పుల్లలు దూర్చి గార తీస్తాడు. రాడింగ్ అంటారు. బ్లాకులోకి కూడా ట్యాపు బెజ్జం నుంచి హోసు పెట్టి, తేట నీళ్లు వచ్చేదాకా కడగండి. సిలిండర్లలోకి నీళ్లు పోకుండా చూసుకోండి.

కొత్తది పెట్టడం

గుడ్డలన్నీ తీసి లెక్క సరిచూసుకోండి. రెండు ముఖాలూ థిన్నర్‌తో తుడవండి, జిడ్డు ఉండకూడదు. గ్యాస్కెట్ మీద పై వైపు ఏది, ముందు వైపు ఏది అని ఇంగ్లీషు అక్షరాలు అచ్చు వేసి ఉంటాయి. అలాగే పెట్టండి. తిరగేస్తే నీళ్ల దారులు మూసుకుపోతాయి. ప్యాకెట్ మీద రాసి ఉంటే తప్ప ఏ బంకా, పేస్టూ పూయొద్దు.

హెడ్డును నిటారుగా దించి, పుష్ రాడ్లను అట్ట మీది వరసలోనే వేయండి. ఒక్కోటి అడుగున ట్యాపెట్ గుంటలో కూర్చుందో లేదో వేలితో కదిపి చూడండి. రాకర్ షాఫ్టు పెట్టే ముందు రాకర్ల చివరనున్న ట్యాపెట్ స్క్రూలు వదులు చేసుకుంటే పుష్ రాడ్లు వంగే ప్రమాదం ఉండదు.

బిగింపు మధ్య నుంచి మొదలుపెట్టి, ముగ్గు చుట్టలు వేసినట్టు బయటకు పోవాలి. మూడు విడతల్లో, 15, 30, చివరికి 40 పౌండ్-అడుగులు. మన రెంచ్‌లో చూస్తే 40 అంటే దాదాపు 54 న్యూటన్ మీటర్లు, 5.5 కేజీ-మీటర్లు. రాకర్ షాఫ్టు చిన్న నట్లకు 25 పౌండ్-అడుగులు చాలు. మీ మోడల్ మాన్యువల్ ఉంటే అందులోని అంకె, వరస తీసుకోండి. రెంచ్‌ని ఒకే ఊపున నెమ్మదిగా లాగాలి, కుదుపులతో కాదు.

ట్యాపెట్లు

ట్యాపెట్లు సరిచేయడం అంటే రాకర్‌కీ వాల్వుకీ మధ్య గ్యాపు సరిచేయడం. ఈ ఇంజిన్‌కి ఆ గ్యాపు 0.38 మిల్లీమీటర్లు, పాత లెక్కలో పదిహేను థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను. ఎనిమిది వాల్వులకు ముందు నుంచి వరసగా నంబర్లు వేసుకోండి. లెక్క తొమ్మిది. ఎనిమిదో వాల్వు పూర్తిగా నొక్కుకుని ఉన్నప్పుడు ఒకటోది సరిచేయాలి. ఆరోది నొక్కుకుని ఉంటే మూడోది, నాలుగోది నొక్కుకుంటే ఐదోది, ఏడోది నొక్కుకుంటే రెండోది. మిగతా నాలుగూ అంతే, రెండు నంబర్లూ కలిపితే తొమ్మిది రావాలి. ప్లగ్గులు తీసి ఉంచితే ఇంజిన్ చేత్తోనే తిరుగుతుంది. ఫీలర్ ఆకు కొద్దిగా పట్టినట్టు జారాలి. లాక్ నట్టు బిగించాక మళ్లీ చూడండి, బిగింపులో గ్యాపు మారుతుంది.

నీళ్లు, మొదటి స్టార్టు

మానిఫోల్డు, కార్బొరేటర్, వైర్లు, హోసులు విప్పిన వరసకు ఎదురుగా పెట్టేయండి. థర్మోస్టాట్ కొత్తది వేయండి. "మనకి చలి ఎక్కడిది, అది తీసేస్తే నీళ్లు బాగా తిరుగుతాయి" అని తీసి పారేయడం అలవాటైపోయింది. నేను ఒప్పుకోను. అది లేని ఇంజిన్ ఎప్పుడూ సరైన వేడికి రాదు, ఆయిల్‌లో చెమ్మ ఆరదు, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. అసలు జబ్బు రేడియేటర్‌లో ఉంటే థర్మోస్టాట్ తీసినా నయం కాదు.

ఆయిల్, ఫిల్టరు కొత్తవి వేయండి. రేడియేటర్‌లో రెడీమేడ్ కూలెంట్ పోస్తే సరిపోతుంది. గాఢ కూలెంట్ అయితే డిస్టిల్డ్ వాటర్‌తో డబ్బా మీద చెప్పిన పాళ్లలో కలపండి. గడ్డకట్టే చలి మనకు లేకపోయినా తుప్పు ఆపడానికి, నీళ్లు త్వరగా మరగకుండా ఉండడానికి కూలెంట్ కావాలి. దారిలో తక్కువైతే బోరు నీళ్ల కంటే తాగడానికి కొనే ఆర్ఓ క్యాను నీళ్లు మేలు. వానాకాలంలో శుభ్రంగా పట్టిన వాననీళ్లు కూడా మంచివే. డిక్కీలో ఐదు లీటర్ల డబ్బా ఎప్పుడూ పెట్టుకోండి.

మూత తీసి ఉంచే స్టార్ట్ చేసి, నీళ్లు దిగుతుంటే పోస్తూ, పై హోసు పిసుకుతూ గాలి బయటకు పంపండి. కాసేపటికి పై హోసు ఒక్కసారిగా వేడెక్కితే థర్మోస్టాట్ తెరుచుకుంది. అప్పుడు మూత పెట్టండి. మొదటి కొన్ని నిమిషాలు సైలెన్సర్ నుంచి తెల్లపొగ వస్తుంది, లోపల మిగిలిన నీళ్లే అవి. భయపడకండి. ఇరవై నిమిషాలు నడిపి, హీట్ మీటర్ చూస్తూ, చుట్టూ టార్చి వేసి తడి ఉందేమో చూసి ఆపేయండి.

మళ్లీ బిగింపు

ఇంజిన్ రాత్రంతా చల్లారాక రాకర్ కవరు తీసి, నట్లను బిగించిన వరసలోనే ఒక్కోటి కొద్దిగా వదులు చేసి మళ్లీ 40కి తీసుకురండి. ఒకేసారి అన్నీ వదులు చేయకూడదు. ఒకటి వదులు, ఒకటి బిగింపు. ఆ తర్వాత ట్యాపెట్లు మళ్లీ చూడాలి. ఐదొందల కిలోమీటర్లు తిరిగాక ఇదే మరోసారి. కొన్ని కొత్త రకం గ్యాస్కెట్లకు మళ్లీ బిగించొద్దని ప్యాకెట్ మీదే రాస్తారు, అప్పుడు ఆ మాటే వినండి. ఆయిల్‌లో ఇంతకుముందు నీళ్లు కలిసి ఉంటే రెండు మూడొందల కిలోమీటర్లకే ఆయిల్ మరోసారి మార్చేయండి. పాత మడ్డి సందుల్లో దాగి ఉంటుంది.

మారుతి 800 లాంటి బండి అయితే ఇవి గుర్తుంచుకోండి. హెడ్డు అల్యూమినియం, కాబట్టి త్వరగా వంగుతుంది, రేకు బ్లేడుతో గీకితే గీతలు పడతాయి. చెక్క లేదా ప్లాస్టిక్ గీకుడు వాడాలి. టైమింగ్ బెల్టు తీయాలి కాబట్టి గుర్తులు సరిచూసుకోకుండా ఏదీ కదపొద్దు, బెల్టు పాతదైతే మార్చేయండి. స్టడ్ల బదులు బోల్టులుంటాయి. బోల్టు బెజ్జాల అడుగున నీళ్లో ఆయిలో మిగిలి ఉంటే బిగించినప్పుడు ఆ ఒత్తిడికి బ్లాకు పగలొచ్చు. గుడ్డ చుట్టిన పుల్లతో ఆ బెజ్జాలు పొడిగా తుడవండి. బిగింపు అంకెలు, వరస ఆ బండి మాన్యువల్‌వే వాడాలి.

మొదటి వారం రోజూ పొద్దున, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే, రేడియేటర్ మట్టం చూసి గోడ మీద సున్నపు గీతతోనో ఫోన్‌లోనో రాసుకోండి. మొదటి రెండు రోజులు గాలి బయటకు పోయి కొంచెం తగ్గుతుంది. మూడో రోజు నుంచి కదలకూడదు. నెలకోసారి బ్లాకు పక్క ట్యాపు ఒక్క క్షణం తిప్పి, గాజు గ్లాసులో రెండు చుక్కలు పట్టి చూసి, మళ్లీ కట్టేయండి. కూలెంట్ రంగు అలాగే ఉందో, ఎర్రబడుతోందో ఆ గ్లాసులో తెలిసిపోతుంది.